వంకర పన్ను

పిన్ని ఇంట్లో ఉన్నది ఒకే ఒక్క ఫోర్కు.
దాంతో ఎవరూ ఎప్పుడూ తినలేదు.
మొక్కజొన్న సంకటి మేం చేత్తోనే తింటాం,
ఫోర్కు గోడకి.

మాలినేయో అంటే లినేయో వాళ్ళమ్మ.
పెళ్ళినాడే అత్తింటివాళ్ళు పెట్టిన పేరు.
లినేయో పుట్టలేదు. పేరు ఉండిపోయింది.

రెండు గదులు. రేకు కప్పు, ఎగిరిపోకుండా పైన రాళ్ళు.
ఒక రేడియో, దానిది సగం రోజు గురకే.
బాబాయి సరిహద్దు అవతల బంగారు గనిలో దిగిన మనిషి.
అక్కణ్ణుంచి దగ్గు తెచ్చుకున్నాడు,
క్యాంటీన్లో కాజేసి ఈ ఫోర్కు తెచ్చాడు.
కంగారులో దాని మీదే కూర్చున్నాడట,
రెండో పన్ను అప్పుడు వంగింది.

లెసోతో కొండల్లో ఆగస్టు గాలి చెవులు కోస్తుంటే
నేను ఆవుపేడ మోసేదాన్ని,
వాగొడ్డు ఎర్రమన్ను, పొయ్యిలో బూడిద.
"నీళ్ళెక్కువైతే గోడ ఏడుస్తుంది,
తక్కువైతే మీ బాబాయిలా దగ్గుతుంది"
అంటూ ఆమె మోచేతుల దాకా బురదలో.

ఇక తడారేలోపే అంతా.
కొలతల్లేవు, గీసి చెరపడం లేదు.
ఒకసారి చెయ్యి కదిలిందా,
దున్నిన చేను లేచి గోడెక్కేది.
చాళ్ళు అడ్డంగా కొన్ని, నిలువుగా కొన్ని,
నడుమ ఒక ఆకు, ఆకు పక్కన దాని చెల్లెలు.
మూడు పళ్ళు బుద్ధిగా పోయేవి.
రెండోది మాత్రం
తప్పతాగి సంత నుంచి ఇంటికొచ్చేవాడిలా
పక్క గీతని ఒరుసుకుంటూ, విడిపోతూ,
మళ్ళీ భుజమ్మీద చెయ్యేస్తూ.

పొరుగూరివాళ్ళు అరువడిగితే ఇచ్చేది.
వాళ్ళ గోడల మీద అది ఉత్త వంకరే.

జనవరిలో వాన.
ఆకూ చెల్లెలూ ఎర్రగా కారి
గుమ్మం ముందు నుంచే వెళ్ళిపోయేవి.
నేను ఏడ్చిన ఏడు
"తాగనీవే, పోయినవాళ్ళకి దాహం" అంది,
పొయ్యి మీంచి తల తిప్పకుండానే.

పోయినేడు నా మొదటి జీతంతో
మసేరు బజార్లో కొత్త ఫోర్కు కొన్నాను.
పాతది అరిగి గోరంతైంది మరి.
స్టీలుది, మొహం కనపడేంత మెరుపు.
ఆమె వెలుతురులోకి పట్టి చూసింది,
నాలుగు పళ్ళూ వేలితో తడిమింది,
"బాగుంది" అంది.

గడప రాయి మీద దాన్ని ఆనించి
సుత్తి లేక, ఇనప ఇస్త్రీపెట్టెతో
రెండో పంటికి ఒక్కటిచ్చింది.

"పేడ తెచ్చావా?" అంది.