మలైకోవిల్‌లో తంగభాయి

మార్తాండంలో బస్సు మారి
చిదరాల్ మలుపు దగ్గర దిగేసరికి
రబ్బరు చెట్లు తెల్లవారుజామునే పాలిచ్చేసి
చిప్పలు నడుముకి కట్టుకుని నిలబడ్డాయి.

కొండ మొదట్లో తంగభాయి
చీపురు పక్కన పెట్టి
ఆకులో ఉడికిన కర్రపెండలం తింటోంది.
"పైన ఏముంది?" వచ్చీరాని తమిళంలో అడిగాను.
"గాలుంది. భగవతమ్మ ఉంది.
బట్టల్లేని సాములున్నారు.
నువ్వొచ్చింది వాళ్ళ కోసమేగా," అని
చేయి కడుక్కుని ముందు నడిచింది.

మెళ్ళో నల్లతాడుకి సిలువ.
ఆదివారం చర్చి, మిగతా ఆరు రోజులూ ఈ కొండ.
దారి పొడుగునా జీడిమామిడి చెట్లు;
ఒక్క చెట్టునీ తాకలేదు ఆమె,
విడిపోయిన చుట్టాన్ని దాటినట్టు దాటింది.

నా మోకాలు మొరాయించిన చోట ఆగి
తనే చెప్పింది.
ముప్పై ఒక్క ఏళ్ళు జీడిపప్పు ఫ్యాక్టరీలో.
కాల్చిన పిక్క, చెక్క సుత్తి, నల్లటి నూనె.
అరచేయి చాపింది:
ఏటిలో దొర్లిన గులకరాయి.
"రేషన్ షాపులో మిషను
మళ్ళీ పెట్టు అంటుంది.
తుడిచి పెట్టు అంటుంది.
ఇంకో వేలు అంటుంది.
పదీ అయిపోతాయి.
వెనకాల వాళ్ళకి నా వేళ్ళన్నీ లెక్క తెలుసు."

రెండు బండలు తలలానించి
గుసగుసలాడుకుంటున్న సందులోంచి
ఒంటిపక్కగా దూరాలి.
బయటికి రాగానే ఎదురుగా
వాళ్ళు.

వరసగా, గూటికొకరు,
కొందరు మూరెడు, కొందరు జానెడు,
పడగ నీడన నిలబడ్డ ఒకాయన,
పిల్లల్నీ సింహాన్నీ వెంటేసుకున్న ఒక తల్లి.
ఎక్కడికీ వెళ్ళే తొందర లేని భుజాలు.
ముక్కులు గాలి తినేసింది,
కళ్ళు వాన కడిగేసింది.
"తల మీద మూడేసి గొడుగులు,
ఒంటి మీద నూలుపోగు లేదు," అని
తంగభాయి నవ్వింది, ఇంటి మనిషి మీద నవ్వినట్టు.

పక్క బండ మీద వట్టెళుత్తు.
గుండ్రటి అక్షరాలు, నాకూ రావు, ఆమెకీ రావు.
ఎవరో సన్యాసిని బంగారం ఇచ్చిందని రాశారట,
వచ్చేవాళ్ళూ పోయేవాళ్ళూ అనుకుంటుంటే విన్నదట.
అలవాటుగా బొటనవేలు
ఒక అక్షరం గుంటలో పెట్టింది.
అతికినట్టు సరిపోయింది.

నేనాగలేకపోయాను.
వాళ్ళ మొహాలూ నీ వేళ్ళూ ఒకలాగే అరిగాయి, చూడు అన్నాను.
పెద్ద మాటేదో అన్నానని నాకే అనిపించి
గొంతు కొంచెం సవరించుకున్నాను కూడా.

వేలు వెనక్కి తీసుకుంది.
"వాళ్ళు వదులుకున్నారు తంబీ.
బట్టలు వద్దన్నారు, ఇల్లు వద్దన్నారు,
అన్నం కూడా వద్దని కూర్చున్నారట కొందరు.
నావి ఎవరడిగి తీసుకున్నారు?"

కిందెక్కడో తామ్రపర్ణి మెరిసింది, ఆరింది.
కోతి ఒకటి నా సంచీ జిప్పు లాగి చూసి
లోపల ఏమీ లేదని వదిలేసింది.
రాతి తల్లి పాదాల దగ్గర రాలిన నాలుగాకుల్ని
తంగభాయి చేత్తోనే ఏరి
కొంగులో వేసుకుంది.

ఫోటో అయినా తీసుకుందామని ఫోన్ తీశాను.
చెమట వేలు.
అద్దం మీద పెట్టాను, గుర్తుపట్టలేదు.
మళ్ళీ పెట్టాను.
ప్యాంటుకి తుడిచి పెట్టాను.

తంగభాయి చూస్తూనే ఉంది.
ఏమీ అనలేదు.
కొంగులో ఆకులు దులిపి
ఆ కొంగు అంచు
నా వైపు చాపింది.