ఆరున్నొకటి

నా గదిలోకి వచ్చేవాళ్ళు లోహం విప్పి రావాలి.
వెండి మొలతాడు, తాయెత్తు, వాచీ,
చివరికి రొంటినున్న చుట్ట కూడా తీసి పళ్ళెంలో పెట్టి
"ఇందులో ఇనుం లేదులెండి" అని
మళ్ళీ తీసేసుకున్నారు ఏడుకొండలు గారు.

అంబాజీపేట రాశుల దగ్గర ముప్ఫయ్యేళ్ళ కాయ లెక్క.
చేతికి రెండేసి విసురుతూ
లాభం, రెండు, మూడు...
ఆరు దాటితే ఆరున్నొకటి.
పేరులోనే ఏడున్న మనిషి
సరుకు ముందు ఆ మాట అనలేదు ఏనాడూ.
నూరుకో కాయ పక్కన. అంతే పద్దు.

పోయిన కార్తీకంలో, దింపు దగ్గర, గెల జారింది.
అప్పటి సీటీలో అంతా మామూలే.
కుట్లు మానాయి, వాటి మీద జుట్టు కూడా మొలిచింది.
రాశి ముందు కూర్చుంటే మాత్రం
పక్కన పెట్టిన కాయలు ఓసారి తొమ్మిది, ఓసారి పదకొండు,
అదే లారీకి.
షావుకారు తిట్టలేదట.
"పీచు కాడ కూకోమన్నాడండి" అన్నారు,
తిట్టుంటే బావుండునన్నట్టు.

డాక్టరు గారు ఈ వైపుకి కొత్త.
వందలోంచి ఏడేసి తీస్తూ వెనక్కి రమ్మన్నారు.
ఈయన కిటికీలోంచి కాలవ వైపు చూస్తూ కూర్చున్నారు.
కాగితం మీద సున్నా.
తలుపు దగ్గర్నించి నేనే అన్నాను,
"ఆరున్నొకటి అని అడగండి సార్."
తొంభై మూడు.
ఎనభై ఆరు.
అక్కడ ఆగిపోయింది.
సున్నా కొట్టేసి అయిదుకి రెండు వేశారు.

ఆ మిగతా మూడూ ఎక్కడ పోయాయో చూడ్డానికే నా యంత్రం.
చేతిలో రబ్బరు బంతి పెట్టి చెప్పాను:
తల కదపొద్దు, భయమేస్తే నొక్కండి.
"ఆయ్" అన్నారు.
టక్ టక్ టక్ మొదలైంది. కాసేపటికే గంట.
పరిగెత్తాను.
"నూరయింది బాబూ."

ఆ వరస మళ్ళీ మొదటి నుంచి. మళ్ళీ గంట.
ఈసారి నేను లేవలేదు.

పొర వెనక పొరగా దిగుతోంది తెర మీద ఆయన బుర్ర.
పాతబడిన నెత్తురు ఈ బొమ్మలో నల్లగా పడుతుంది.
నుదుటి వెనక ఆవగింజల్లా, సీటీకి అందనివి.
రిపోర్టు రాసేవారు కాకినాడలో ఉంటారు,
లెక్కపెట్టడం నా పని కాదు.
నాలుగు, అయిదు, ఆరు,
ఆరున్నొకటి.

మూడో గంట ఎంతకీ మోగలేదు.

బయటికి లాగగానే అడిగారు, "ఎన్నయ్యాయండి?"
రోజూ వింటాను ఆ చప్పుడు. ఎన్నడూ లెక్కపెట్టలేదు.
బంతి నా చేతికివ్వబోయి, ఆగి,
బల్ల అంచున పక్కన పెట్టారు.