రెండు చుక్కలు, ఒక గీత

జడ్చర్ల రైలు గేటు పక్క
పాత ఇనుము కొట్టు నాది.
తూకమెయ్యక ముందు ప్రతి పనిముట్టునూ
కిరసనాయిలు గుడ్డతోని ఒకసారి తుడుస్త.
గిరాకి ఎల్లిపోతున్నా తుడుస్త.
మా ఆమె దీనికి పెట్టిన పేరు ఈడ రాయను.

తుప్పును గీకొద్దు, నానబెట్టాలె.
గీకితే ముందుగాల పోయేది పేరే.
ఈ మాట కొత్తోజు ఈరాచారిది.
కండ్లు పోయినంక కూడా ఆయన
పానా మెడ మీద బొటనవేలు పెట్టి చదివెటోడు:
"పడమటి జర్మనీరా.
దేశం రెండు ముక్కలైనంక,
మళ్ల అతుక్కోక ముందు."

ఒకపారి సుత్తె వచ్చింది, నిజాం రైల్వేది.
ఉర్దూ అంకెలు: పదమూడొందల నలభై ఒకటి.
ఏడొందల ఏండ్ల సుత్తె అని
తెచ్చిన పిలగాడు మూడు వేలు అడిగిండు.
చాయ్ కొట్టు చాంద్ పాషా
అద్దాలు తుడుసుకొని చూసి
"ఫస్లీ సాలు బేటా,
అయిదొందల తొంభై కలుపు" అన్నడు.
కలిపిన. పందొమ్మిదొందల ముప్పై ఒకటి.
పిలగాని మొఖం మీదికెల్లి
అయిదొందల తొంభై ఏండ్లు
ఒక్కసారే రాలిపడ్డయి.

బాణం గుర్తుంటే తెల్లోళ్ల సర్కారుది.
కొలతలు ఇంచుల్లనే ఉంటే
సేర్లు పోయి కిలోలు రాకముందుది కావచ్చు.
కావచ్చు అంటున్న.
చారి అయితే కావచ్చు అనెటోడు కాదు,
నోరు మూసుకొని ఇంకోపారి తడిమెటోడు.

కొన్నిటి మీద అచ్చు రెండుసార్లు పడి ఉంటది,
ఒక అచ్చరం నెత్తిన అదే అచ్చరం.
ఆ పొద్దు ఏ కార్ఖానల ఏ పనోనికో
చెయ్యి వణికింది.
జరమో, అప్పో.

మొన్న బుధారం లారీ దిగింది.
ఏదో కట్ట కాడి గోదాం ఖాళీ చేసిన్రంట.
గడ్డపారలు, నూటా పది.
కంపెనీ లేదు, సాలు లేదు.
మెడల కాడ ఉలితోని పొడిచిన
చుక్కలు, గీతలు, కాకికాలు, నిచ్చెన.
నోటుబుక్కుల రాసిన:
"గుర్తు తెల్వదు. కాలం తెల్వదు."

సీసాలమ్మ వచ్చిన ఉసేనమ్మ
సంచి దించి కుప్ప ముందల కూసున్నది.
"గివి మా గుంపువి గద!
నలభై మందిమి. అచ్చరమొచ్చినోళ్లు ఒక్కలు లేరు.
పొద్దుగాల పార మారితే కొట్లాట.
గందుకే మేస్త్రి పొడిపిచ్చిండు."

మస్టరు పిలిచినట్టే పిలిచింది.
కాకికాలు, మాసయ్య.
నిచ్చెన, మాసయ్య తమ్ముడు, మనిషి పొట్టి, నోరు పెద్దది.
మూడు గీతలు, ఎవలో, యాది లేదు.
రెండు చుక్కలు, ఒక గీత కాడ
చెయ్యి ఆగింది.
"కుర్మమ్మది."
గీత ఎందుకో చెప్పలేదు.

"ఏ సాలుది అవ్వా?"
"మట్టి కట్ట తెగిన ఏడు.
కుర్మమ్మ చిన్నపిల్ల పాలు మరువలే ఇంకా."
దీనికి ఎంత కలపాల్నో
చాంద్ పాషాకు కూడా తెల్వదు.

లేచి పారను నిలవెట్టింది,
పక్కన తాను నిలవడ్డది.
"కొత్తగున్నప్పుడు నా నొసలు దాక ఉండె.
సూడు, గదవ కిందికి వచ్చింది.
సాన వట్టి, సాన వట్టి
జానెడు పోయింది."
"ఏడికి పోతదవ్వా?"
"బండలకు. ఇంకేడికి పోతది."

తీసుకపో అన్న. పైసలొద్దు అన్న.
"నాకెందుకు నాయినా?
మోసింది సాలదా?"
సీసాల పైసలు రెండుసార్లు లెక్కవెట్టుకొని
బస్సుకు పోయింది.

నోటుబుక్కుల ఒక్క గీత కొట్టి
కుర్మమ్మ అని రాసిన.
సాలు గడి అట్లనే ఉన్నది.
ఆ పార గల్లా పెట్టె ఎనుక గోడకు ఆనించిన,
రేటెంతని రోజుకొకరు అడుగుతున్నరు.

ఉసేనమ్మ చదివినవి పదకొండు.
మిగిలినవాటిని తుడవనన్నా తుడవలే.
శుక్రారం కరగవెట్టే లారీ
పొద్దుగాలనే వచ్చింది.