వంగని పని

మాది మర్రిగూడ దిక్కు.
బోరునీళ్లు తాగి తాగి
నలభై ఏండ్లకే గుంజ లెక్క బిగుసుకున్న నడుము నాది.
మెడ అటు తిరగదు, ఇటు తిరగదు.
కింద వడ్డ బీడీ ఏరుకోవాలన్నా
పక్కోన్ని బతిలాడాలె.

గసొంటోనికి గడ్డి కోసే పని ఎవలిస్తరు?
కొడవలి ముందుగాల కూసోమంటది.
కూసున్ననా, నన్ను లేపుడు ఇద్దరి పని.

సాయమ్మ సంఘంల లోను తీసింది.
నల్లగొండల ఎవలో కాలేజోళ్లు అమ్ముతుంటే
ముప్పై ఎనిమిది వేలకు తెచ్చుకున్నం,
తనంతట తనే నడిసే గడ్డి మిషిన్.
తోసుడు లేదు, వంగుడు లేదు,
ఎనక నిలవడి నడుసుడే.
పిడి నొక్కి పడితె కదుల్తది, ఇడిస్తె ఆగుతది.
ఇంత చెప్పినట్టు వినేది మనింట్ల ఇంకోటి లేదన్న.
"నన్ను గూడ లెక్కల కలిపినవా?" అన్నది సాయమ్మ.
ఆ పూట చాయ కొంచెం ఆలస్యంగ వచ్చింది.

దేవరకొండ రోడ్డు మీద ఫంక్షన్‌హాలు.
మొదటిరోజు టిఫిన్ యాల్లకు లాను మొత్తం అయిపోయింది.
చారలు చారలుగ, కొత్త సాప పరిచినట్టు.
మేనేజరు ముక్తేశం సారు చెప్పులిడిసి నడిసి చూసిండు.
"మణెమ్మ, ఆమె చెల్లె మూడు రోజులు కోసేటోళ్లు" అన్నడు.
మూడు రోజులు, రెండు కూళ్లు.
నేను పైసలు లెక్కవెట్టుకుంట
ఆ లెక్క గూడ చేసిన, వద్దనుకుంటనే.

మణెమ్మ అలగలే.
గడ్డన్న బర్రెకు ఏసుకుంటనని సంచి పట్టుకొచ్చింది.
తెల్లారి సంచి అట్లనే తెచ్చి నా ముందర కుమ్మరించింది.
"పొట్టు జేసినవ్. పెట్రోలు వాసన.
మా బర్రె మూతి గూడ పెట్టలే."

ఇంకోటి చెప్పాలె.
పట్టీ తెగిననాడు తెలిసింది దాని బరువు.
లాను ఆ కొసకు తెగింది.
అప్పటిదాక నన్ను గుంజుకపోయిన మిషిన్
ఈత నేర్వని దున్నపోతు లెక్క కూలవడ్డది.
ముగ్గురు మోసిన్రు. నేను పక్కన నడిసిన.
గడియారం కాడ జహంగీర్ భాయ్ చూసి,
"పట్టీ పట్నం నుంచి రావాలె, పది రోజులు" అన్నడు.
సంఘం మంగళవారం మాత్రం
పట్నం నుంచి రాదు, వారం వారం ఈడనే పుడ్తది.

పదకొండో రోజు.
గోడ పక్కపొంటి పోతున్న.
తీతువు పిట్ట నెత్తి మీద తిరుగుతున్నదట,
ఒర్రుతున్నదట.
ఇంజిను మోతల నాకేం ఇనవడ్తది?
కిందికి చూడాలంటె మెడ ఏది?
మిషిన్‌కు కాళ్లున్నయి, కండ్లు లేవు.
నాకు కండ్లున్నయి, వంచే మెడ లేదు.
ఇద్దరం కలిసి గుడ్డిగనే పోతున్నం.

పెండ్లి ఇస్తరాకులు ఏరుతున్న మణెమ్మ
చీపురు ఇసిరి కొట్టి అడ్డం ఉరికింది.
పిడి ఇడిసిన.
జానెడు దూరంల ఆగింది.
ఏముందే అంటె ఏలు చూపెట్టింది.
నేను పది అడుగులు ఎనక్కి పోయి
దూరం నుంచి చూసిన, నాకు అట్లనే కనవడ్తది:
కంకర నడుమ, కంకర రంగుల,
నాలుగు గుడ్లు.

కొడవలైతె ముందే చూసేది.
కొడవలి కూసొని చూస్తది గద.

ఇప్పుడు మణెమ్మ ముందట నడుస్తది, చేతుల కట్టె,
రాళ్లు, స్పూన్లు, గాజు ముక్కలు తీసుకుంట.
నా కూలిల మూడో వంతు ఆమెకు.
సాయమ్మ ఏమనలే. మంగళవారం ఏమంటదో.

నిన్న ముక్తేశం సారు గోడ కాడ ఆగిండు.
మంచమంత జాగల గడ్డి మోకాలెత్తు పెరిగింది.
"ఇదేందయ్యా, ఇది ఇడిసినవ్?"
మణెమ్మ నా దిక్కు చూసింది.
మెడ తిప్పలేనోన్ని గదా, నేను సూటిగనే చూస్తూ చెప్పిన:
"మిషిన్ అటు పోతలేదు సారు.
తనంతట తనే నడిసేది గద,
మనం చెప్తె వింటదా?"