ఆరుంబావు

నరసాపురం రేవులో పంటు ఎక్కాను
చంకలో లేసు మూట,
చూపుడువేలికి పొద్దున సూది గుచ్చుకున్న మంట.
కొబ్బరికాయల లారీ, నాలుగు ఆటోలు,
వాటి సందుల్లో ఇరుక్కుని మేము.
మధ్యలో ఒక తెల్లకారు.
ఇంజను ఆపలేదు.

వసిష్ఠ పోటు మీదుంది.
నీళ్లు సముద్రం వైపు కాక
ఊరి వైపు నడుస్తున్నాయి.

పక్కన ఒక కుర్రాడు, చేతిలో ఫోను.
అందులో ఎవరో జారిపడుతున్నారు, ఎవరో నవ్వుతున్నారు,
మళ్లీ పడుతున్నారు, మళ్లీ అదే నవ్వు.
పదిసార్లు లెక్కపెట్టాను. లెక్కపెట్టడమే నా బతుకు.
పదకొండోసారికి నోరు తెరిచాను:
"బాబూ, కాస్త సౌండు తగ్గించమ్మా."

తగ్గించాడు.
"సారీ అండి" అన్నాడు కూడా.
అక్కడితో అయిపోవాలి.

నా వెనక ఎవరో గొంతు సవరించుకున్నారు.
బ్యాంకు సంచీ పెద్దమనిషి.
"అలా గడ్డి పెట్టాలండి ఈళ్లకి."
నేను పెట్టింది గడ్డని
అప్పటిదాకా నాకు తెలీదు.
"ఇంట్లో నేర్పలేదేటి?" ఒకావిడ.
"ఫోన్లు కొనిచ్చేత్తారు, బుద్ధి ఎవరు కొనిత్తారు?" ఇంకొకాయన.
"ఏ ఊర్రా నీది?"
చెప్పాడు.
"ఊళ్లో ఎక్కడ?"

ఆ ప్రశ్న మా వైపు ఎంత మెత్తగా అడుగుతారో
గోదారి నీళ్లు తాగినవాళ్లకి చెప్పక్కర్లేదు.
ఎక్కడ అంటే కాలవకి ఏ గట్టున,
ఎక్కడ అంటే ఎవరి పొలాల చివర.
కుర్రాడు పేట పేరు చెప్పాడు, నీళ్ల వైపు చూస్తూ.
"అదీ సంగతి" అన్నాడు పెద్దమనిషి,
పద్దు సరిపోయినట్టు.

నేను అడిగింది సౌండు గురించి.
నా మాట నా చేతిలోంచి జారి
నలుగురి చేతులూ మారి
కర్రయింది.
"తగ్గించాడుగా, వదిలెయ్యండి" అనాలి.
మూట ముడి సరిచేసుకున్నాను.
ముడి సరిగ్గానే ఉంది.

ఇంతసేపూ ఆ తెల్లకారు గొట్టం
కమ్మీ పక్కన కూచున్న బాలింత ఒళ్లోకి
పొగ పోస్తూనే ఉంది.
బిడ్డ మొహానికి కొంగు అడ్డం పెట్టి
ఆమె అటు తిరిగి కూచుంది,
ఊపిరి తీసుకోవడం తన తప్పయినట్టు.
గడ్డి పెట్టిన నోళ్లన్నీ
పొగని చుట్టి వెళ్లి అవతల నిలబడ్డాయి.
పెద్దమనిషైతే కారుకి దారి కూడా ఇచ్చాడు.
నది మధ్యలో, కదలని కారుకి.

ఏమే వీరవేణీ,
ఆ కుర్రాడితో మాట్లాడేముందు ఏం చూశావు?
చెప్పులు చూశాను. ఒక పట్టీకి పిన్నీసు.
కాలరు చూశాను.
ధైర్యం అనుకున్నది
ముందు తూకం వేసింది,
ఆ తర్వాతే నోరు తెరిచింది.

సరే, లేచి వెళ్లాను.
అద్దం మీద వేలితో కొట్టాను, మంట పుట్టే వేలితోనే.
అద్దం రెండంగుళాలు దిగింది.
చల్లగాలి, అత్తరు, ఒక నల్లకళ్లజోడు.
"ఏంటి?"
మాట నాలిక చివరే ఉంది:
ఇంజను ఆపండి, పసిబిడ్డ ఉంది.
బయటికొచ్చింది వేరే:
"టైమెంతైందండి?"

అద్దం పైకి లేచింది.
దాంతోపాటు నా మొహం కూడా.

"ఆరుంబావండి."
వెనకనుంచి. ఆ కుర్రాడు.
ఫోను వెలుగు అరచేత్తో సగం మూసి,
ఎవరి కళ్లలోనూ పడకుండా
నాకొక్కదానికే చూపిస్తూ.

సఖినేటిపల్లి రేవు తగిలింది. రేకు దించారు.
తెల్లకారు దిగేదాకా అందరం ఆగాం.

రాత్రి దీపం కింద మూట విప్పాను.
లేసులో ఒక కుట్టు తప్పితే
తప్పినకాడిదాకా విప్పుకుంటూ వెళ్లాలి,
పైన ఎంత అందంగా అల్లినా సరే.
ఎక్కడిదాకా విప్పాలో చూస్తున్నాను.
"ఊళ్లో ఎక్కడ" అన్నప్పుడు
నేను మూట సర్దుకున్న కాడికా,
అంతకుముందు
చెప్పులు చూసిన కాడికా.