మూడు చల్లటి ఉదయాలు

హోర్టెన్సియా కొందోరి మినీబస్సు
మళ్ళీ వచ్చి నా షెడ్డు ముందు ఆగింది.
ఆవిడ దిగలేదు. తలుపు తీసి వేలు చూపించింది.
స్పీడోమీటరు పక్కన పసుప్పచ్చగా
అదే దీపం, చిన్న ఇంజిన్ బొమ్మ.

"రెండొందల ఎనభై తీసుకున్నావు నికనోర్,
దీపం మాత్రం నాకే వదిలేశావు."

ఏం చెప్పను? మొన్ననేగా మార్చింది
ఆక్సిజన్ సెన్సర్.
నాలుగు వేల మీటర్ల ఎత్తున మా ఎల్ ఆల్టో.
నాలుగు మెట్లెక్కితే మనిషికే ఊపిరందని ఊళ్ళో
బండికి మాత్రం గాలి లెక్క తప్పకూడదట.

స్కానర్ పెట్టాను. పాత పాటే:
పి సున్నా ఒకటి మూడు ఐదు.
కొత్త సెన్సర్‌కి పాత జబ్బెలా వస్తుంది?
నకిలీ సరుకు అంటగట్టాడని కొట్టువాణ్ణి తిట్టాను.
ఫ్యూజు చూశాను, బాగుంది.
తీగె పొడుగునా మల్టీమీటర్ ముల్లు నడిపించాను,
ఎక్కడా తెగలేదు.
ఇక మిగిలింది బండే కనక బండిని తిట్టాను.

నెత్తిన కేబుల్ కారు డబ్బాలు పోతున్నాయి,
వాటి నీడలు బానెట్ మీద ఒక్కొక్కటే పాకి దిగుతున్నాయి.
ఆవిడ గుండ్రటి టోపీ ఒళ్ళో పెట్టుకుని
బుగ్గన కోకా ఆకు నములుతూ
నా తిట్లు అయిపోయేదాకా ఆగింది.
"అంతకుముందు ఇంకొకడి దగ్గరికి పోతే
దీపం మీద నల్ల టేపు అంటించి పంపాడు.
ఆరు నెలలు హాయిగా తిరిగాను."
నవ్విందో లేదో తెలీలేదు.

అట్టముక్క పరుచుకుని కిందికి దూరాను.
నేల మంచుగడ్డ. వీపు కొరికేస్తోంది.
సెన్సర్ తోక చివర ప్లగ్గు,
చూడ్డానికి సరిగ్గా కూర్చున్నట్టే ఉంది.
ఊరికే బొటనవేలితో నొక్కాను.
టక్కుమంది.

ఆ చప్పుడు మొన్న నేను వినలేదు.
ఎందుకు వినలేదో గుర్తొచ్చి
కాసేపు అక్కడే పడుకుండిపోయాను.

మొన్న సాయంత్రం, చెయ్యి ఆ ప్లగ్గు మీద ఉండగానే
మా వారా ఫోన్ చేసింది.
పదకొండేళ్ళ పిల్ల. ఫోన్లో వాసన తెలీదు కనక
నూరు నుంచి ఏడేడు తగ్గిస్తూ చెప్పమంటుంది,
నాలుక ఎక్కడైనా మడత పడుతుందేమోనని.
నేను తాగక ఎనిమిది నెలలు.
భుజానికీ చెవికీ మధ్య ఫోన్ ఇరికించి
తొంభై మూడు, ఎనభై ఆరు, డెబ్బై తొమ్మిది...
చేతులు వాటి పని అవి ముగించేశాయి.
అనుకున్నాను.

బయటికొచ్చి చెప్పేశాను:
తప్పు బండిది కాదు, కొట్టువాడిది కాదు, నాది.
"మరి దీపం?"
దీపం వెలుగుతూనే ఉంది.

స్కానర్‌తో ఒక్క నొక్కు నొక్కితే చెరిగిపోతుంది.
మీట మీదికి వేలు వెళ్ళింది కూడా.
కానీ అది టేపుకి తమ్ముడే.
అప్పుడు బాగయ్యానని బండి అనదు,
బండి చేత నేను అనిపిస్తాను.

"రాత్రంతా చల్లారనివ్వు," అన్నాను.
"తెల్లారి స్టార్ట్ చెయ్యి, లోయలోకి దిగు, మళ్ళీ ఎక్కు.
వరసగా మూడు ఉదయాలు తప్పు కనబడకపోతే
దీపం తనే ఆర్పుకుంటుంది.
ఒక్కరోజు బాగుంటే నమ్మదది."

"ఎవరి దగ్గర దెబ్బతిందో," అంది హోర్టెన్సియా,
టోపీ పెట్టుకుంటూ.

బుధ, గురు, శుక్ర.
శుక్రవారం పైపుల్లో నీళ్ళు కూడా గడ్డకట్టాయి.
శనివారం పొద్దున్న
లా పాజ్‌కి దిగే రోడ్డు మీద మినీబస్సు
ఆగకుండానే రెండుసార్లు హారన్ కొట్టి పోయింది.

రాత్రి ఇంటికెళ్ళేసరికి వారా గుమ్మంలో ఉంది.
మునివేళ్ళ మీద లేచి ముఖం దగ్గరికి ముఖం తెచ్చింది,
రోజూలాగే.
నేను గొంతు సవరించుకున్నాను.
పెన్సిల్ ముల్లు విరిగింది నాన్నా,
చెక్కిపెట్టు, అంది.

చాకు వెతుక్కుంటూ
తొంభై మూడు అన్నాను, నాలో నేనే.