నాలుగు గంటల ఎండ

లక్ష్మీపురం మెయిన్ రోడ్డులో, పడమటి ముఖాన
నా మొదటి బిల్డింగు.
అయిదంతస్తుల నీలి అద్దం.

మిర్చి కమీషన్ కొట్టు సాంబిరెడ్డి గారు
సింగపూర్ క్యాలెండరొకటి నా బల్ల మీద పరిచి
"ఇట్టాంటిది కావాలమ్మాయ్" అన్నారు.
ఇరవై ఆరేళ్ల కిందటి మాట.
ఇచ్చాను.
గుంటూరు ఎండకి అద్దం పట్టాను.

పేపర్లో ఫొటో పడింది. నా పేరు తప్పు అచ్చేశారు.
అయినా కత్తిరించి దాచుకున్నాను.

రెండో వేసవికే వెనక గోడంతా
ఏసీ డబ్బాలు మొలిచాయి, రొప్పుతూ.

చదువు ఆ తర్వాత మొదలైంది.
సిమెంటు కావడానికి సున్నపురాయి
ఎంత పొగ కక్కుతుందో,
ఇనుప చువ్వ ఎంత బొగ్గు తింటుందో
టన్నుల్లో రాయడం నేర్చాను.
ఒక దసరా సెలవులంతా
పాత డ్రాయింగులు ముందేసుకుని కూడుతూనే ఉన్నాను.
"పద్దు తేలిందా?" అన్నాడు మా ఆయన.
తేలింది.
ఎంతో చెప్పలేదు.

ఆ పైన బూడిద ఇటుకలతో కట్టాను.
మేస్త్రీ సుభానీ ఒక ఇటుకని చేతిలో తిప్పి తిప్పి చూసి
"బొగ్గు మండితేనేగా మేడం ఈ బూడిద?
మీరు వద్దన్నదాని ఎంగిలితోనే కడతన్నాం" అన్నాడు.
ఆ రాత్రి జవాబు కోసం పుస్తకాలు తిరగేశాను.
దొరికిందేదీ అతని మొహం చూసి చెప్పగలిగేలా లేదు.

ఈశాన్యం ఎక్కడని అందరూ అడిగారు.
గాలి ఎటునుంచి వస్తుందని
ఒక్కరూ అడగలేదు.
కిటికీ మీద రెండడుగుల నీడ గీస్తే
"ఎలివేషన్ పాడవుతుంది" అని కొట్టేయించారు.
పదకొండు ఇళ్లు మాత్రం నేను గీసినట్టే లేచాయి.
ఇన్నేళ్లకీ పదకొండే.

మొన్న మే నెలలో సాంబిరెడ్డి గారి మనవరాలు ఫోను చేసింది.
"పాతది పడగొట్టేద్దాం ఆంటీ, గ్రీన్ బిల్డింగ్ కడదాం.
పైన సోలార్, ముందు పచ్చటి గోడ.
రేటింగ్ కూడా వస్తుంది."

కొలతలకి వెళ్లాను.
నాలుగవుతోంది. ఇన్నేళ్లలో ఎప్పుడూ
ఆ వేళకి అటు వెళ్లలేదు నేను.

ఎదురుగా టీ కొట్టు. అసలు సూర్యుడు దాని వెనక మేడల చాటుకి
దిగిపోయాడు. అక్కడ నీడ ఉండాలి.
లేదు.
నా అద్దాలు తిన్నగా మొహం మీద కొట్టాయి.

కొట్టుకి అడ్డంగా యార్డు నుంచి తెచ్చిన గోనెపట్టా.
చెంబుతో తడుపుతోంది శేషారత్నం.
"మాకు ఇద్దరు సూర్యుళ్లమ్మా.
దేవుడిచ్చినోడు పొద్దుగూకితే పోతాడు.
ఈ నీలోడు ముందే వచ్చి మీద కూచుంటాడు.
ఎవురు కట్టారో మరి."

"నేనే" అన్నాను.

గ్లాసు అందిస్తున్న చెయ్యి ఆగలేదు.
"పంచదార ఎయ్యమంటారా?" అంది.

ఇంటికొచ్చి మళ్లీ లెక్క వేశాను.
కాలిన సున్నపురాయి ఎప్పుడో కాలిపోయింది.
ఆ పొగ పైకి పోయింది,
బిల్డింగుని పడగొట్టినంత మాత్రాన కిందికి దిగి రాదు.
మళ్లీ కడితే మళ్లీ అంత.

అందుకని కొత్తదేదీ గీయలేదు.
స్తంభాలు ఉంటాయి, స్లాబులు ఉంటాయి,
నా తప్పు నిటారుగా నిలబడే ఉంటుంది.
అద్దం ఒక్కటే ఊడదీసి
ఆ చోట సందులు వదిలిన ఇటుకల జాలీ.
ఎంత సందు వదలాలో తేల్చుకోడానికి
శేషారత్నం దగ్గర చిరిగిన గోనె ముక్క అడిగి తెచ్చాను.
స్కేలు పెట్టి పోగుకీ పోగుకీ మధ్య కొలుస్తుంటే
మూడుసార్లు తుమ్మాను.

"అంటే, ఏమీ కట్టమా?" అంది మనవరాలు.
"మరి మీ ఫీజు?"
"తక్కువే."
ఆలోచించి చెప్తానంది.

ఇంకా చెప్పలేదు. డ్రాయింగు మీద
ఓనరు సంతకం గడి ఖాళీగా ఉంది.
నాలుగింటికల్లా వెళ్లి ఆ బెంచీ మీద కూర్చుంటున్నాను.
తడిసిన గోనె కన్నాల్లోంచి గాలి
కొంచెం కారంగా,
చల్లగా.